బోదకాలు: ఆరోగ్యవంతులు మింగవలసిన మందు

బోదకాలు వ్యాధి యింకను వదలని జిల్లాలలో ఏడాదికొకమారు ఆరోగ్యశాఖవారు ఇల్లిల్లు తిరుగుదురు. ఇంటిలోనివారి వయస్సు విచారించి, కొన్నిచోట్ల ఎత్తు కూడ కొలిచి, కొన్ని మాత్రలు చేతిలో పెట్టి తమ యెదుటనే మింగుమని కోరుదురు. "నాకేమి జబ్బు? నేనెందుకు మింగవలెను?" అని గృహస్థు అడుగును. అట్లడిగియు, మర్యాదకొరకు మాత్రలు పుచ్చుకొని, వచ్చినవారు వీధిమలుపు తిరుగగానే వానిని గూటిలో పెట్టువారు చాలమంది కలరు. ప్రశ్న మాత్రము సమంజసమైనదే. మందు రోగికే గాని ఆరోగ్యవంతునకు కాదని మనము తాతలనాటినుండి వినుచున్న మాట. ఆ గృహస్థునకు చెప్పదగిన సమాధానమే ఈనాటి నా ప్రసంగవిషయము.

బోదకాలు మన దేశమునకు క్రొత్త కాదు. శ్లీపదమను పేరుతో సుశ్రుతసంహిత దీనిని పేర్కొన్నది. కోస్తా ఊళ్లలో కాలు వాచినవానిని చూచి, అది ఆ ఊరి నీటిగుణమని చెప్పుకొనుట మొన్నమొన్నటివరకు ఉండెడిది. వరిబీజము బరువులెత్తుటవలన వచ్చుననియు, చలిజ్వరము అమావాస్యకును పున్నమికిని తిరుగబెట్టుననియు నమ్మినవారును కలరు. నేరము త్రాగునీటిది కాదు, నిలిచిన మురుగునీటిది. ఆ మురుగులో పుట్టిన క్యూలెక్సు దోమ ఒకరి రక్తములోని సూక్ష్మమైన పురుగును తీసికొనిపోయి మరియొకరికి అందించుచున్నది. ఆ పురుగు పేరు వుచెరేరియా బాంక్రాఫ్టి. వుచెరర్, బాంక్రాఫ్టు అను ఇద్దరు వైద్యుల పేర్లు కలిసి ఏర్పడిన నామమిది.

ఈ పురుగు జీవితమును కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ఏలయన మన సమాధానమంతయు అందులోనే దాగియున్నది. పెద్దపురుగులు తెల్లని దారపుపోగువలె ఉండును. ఆడుది ఎనిమిది నుండి పది సెంటీమీటర్ల పొడవు, మగది దానిలో సగము. ఇవి మన రక్తనాళములలో గాక, శోషరసమును ప్రవహింపజేయు సన్నని నాళములలో కాపురముండును. అయిదారేండ్లు జీవించి, ఆ కాలములో లక్షలకొలది పిల్లలను కనును. ఆ పిల్లలు, అనగా మైక్రోఫైలేరియాలు, రక్తములో తిరుగుచు దోమ రాకకై వేచియుండును. కాలు వాచుట, వరిబీజము కలుగుట యివన్నియు ఏండ్లు గడచిన తరువాత, అదియు కొందరిలోనే, బయటపడు ఫలితములు. రక్తమునిండ పురుగులున్నను ఏ బాధయు లేక పొలము దున్నుకొనుచు, బడికి పోవుచు తిరుగువారే అధికసంఖ్యాకులు. మరల, కాలు బాగుగా వాచిన రోగిని పరీక్షించినచో రక్తములో పురుగుపిల్లలు తరచుగా కనిపింపవు. వ్యాధిని వ్యాపింపజేయువాడు వ్యాధిగ్రస్తునివలె కనబడడు; కనబడువాడు సాధారణముగా వ్యాపింపజేయడు. లోకము మాత్రము వాచిన కాలును చూచియే భయపడుచు, ఆ మనిషిని దూరముగా కూర్చుండబెట్టుచున్నది. ఎందరు ఆడపిల్లల పెండ్లిండ్లు ఈ అజ్ఞానమువలన ఆగిపోయినవో లెక్క వ్రాసినవారు లేరు.

దోమకు ఈ పాపములో భాగమున్నదని మొదట కనుగొన్నది ప్యాట్రిక్ మాన్సన్ అను స్కాటులాండు వైద్యుడు. ఆయన 1877లో చైనాలోని అమోయ్ రేవులో పనిచేయుచు, రక్తములో పురుగులున్న తన తోటమాలిని దోమలచేత కుట్టించి, ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూచెను. పురుగులు దోమకడుపులో పెరుగుచుండుట కనబడెను. రోగుల రక్తమును పరీక్షించుటకు ఆయన ఇద్దరు సహాయకులను నియమించి, ఒకనిని పగటికి, మరియొకనిని రాత్రికి ఉంచెనట. రాత్రివానికే పురుగులు విరివిగా దొరకినవి. పగలెల్ల ఊపిరితిత్తుల సన్ననాళములలో దాగియుండి, ఇంచుమించు రాత్రి పది గంటలనుండి రెండు గంటలవరకు, సరిగా క్యూలెక్సు దోమ కుట్టు వేళకు, ఇవి చర్మము దాపునకు వచ్చుచున్నవి. ఇంత చూచిన మాన్సనే దోమ నీటిలోపడి చచ్చిన పిదప ఆ నీరు త్రాగినవారికి రోగము వచ్చునని పొరబడెను. పురుగు దోమ తొండమునుండియే మనిషిని చేరుచున్నదని 1900 ప్రాంతమున తేలినది.

పురుగుల ఈ రాత్రిసంచారము వ్యాధినిర్ణయమునకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టినది. మొన్నటివరకు రోగమున్నదో లేదో తెలియుటకు రాత్రి రక్తము తీయుట తప్ప వేరు దారి లేదు. లాంతరు పట్టుకొని నిద్రపోవువారి తలుపు తట్టి, వ్రేలు గుచ్చి, గాజుపలకపై రక్తము పూసికొనిపోయిన ఫైలేరియా సిబ్బందిని పెద్దలు మరువలేరు. ఆ పనికి సిబ్బందిని తయారుచేసిన శిక్షణకేంద్రములలో మన రాజమహేంద్రవరము ఒకటి. కాలికట్టు, వారణాసి తక్కినవి. రాత్రిరక్తపరీక్ష నేటికిని పోలేదు. కాని పెద్దపురుగు విడుచు ఒకానొక పదార్థమును గుర్తించు పరీక్ష 1990ల చివర కార్డు రూపమున వచ్చి, తరువాత ఇంకను చురుకైన పట్టీగా మారినది. దీనికి రాత్రితో పనిలేదు. పట్టపగలు బడిలో పిల్లవాని వ్రేలినుండి నాలుగు చుక్కలు తీసి పట్టీపై వేసినచో పది నిమిషములలో గీత తేలును. ఆరేడేండ్ల పిల్లలనే ఇందుకు ఎన్నుకొనుటలో ఒక యుక్తి కలదు. పెద్దవానిలో పురుగు కనబడినచో అది ఎప్పటిదో చెప్పలేము. ఆరేండ్ల పిల్లవానిలో కనబడినచో అది ఈ ఆరేండ్లలో చేరినదే. అనగా ఆ ఊరిలో వ్యాప్తి యింకను ఆగలేదని సాక్ష్యము.

ఇక మందు సంగతి. దీనిని తలచినప్పుడెల్ల తెలుగువాడు తలయెత్తి చూడదగిన పేరొకటి కలదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. బోదకాలు ఇంటింట కనబడిన సీమ అది. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికాకు పోయి, హార్వర్డులో కండరములలోని భాస్వరసమ్మేళనములపై పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరెను. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులలో వేలకొలది అమెరికను సైనికులకు ఫైలేరియా సోకినది. అంతకుముందు వాడుకలోనున్న ఆర్సెనికు, అంజనలోహపు మందులు రోగితోపాటు వైద్యునికిని భయము కలిగించునవి. సుబ్బారావు పర్యవేక్షణలోని బృందము, అటువంటి పురుగే సోకిన ఒక జాతి ఎలుకలపై అనేక రసాయనములను వరుసగా పరీక్షించి, డైఈథైల్‌కార్బమజీనును కనుగొన్నది. దాని వార్త 1947లో ప్రకటింపబడినది. హెట్రజాన్ అను పేర వచ్చిన ఆ మందు నోటితో మింగునది, చవుకైనది, రక్తములోని పురుగుపిల్లలను వేగముగా తొలగించునది. మరుసటి యేడు ఆగస్టులో ఆయన న్యూయార్కు ప్రాంతమున మరణించెను. ఏబది మూడేండ్లు నిండినవి, అంతే. ఫోలికామ్లము, ఆరియోమైసిను మొదలైన వానితో ముడిపడిన ఆయన కృషిని గూర్చి మనవారు కొంత చెప్పుకొందురు గాని, తన సొంత జిల్లా రోగమునకు ఆయన బృందము కనిపెట్టిన మందును గూర్చి ఎందుకో తక్కువగా చెప్పుకొందురు.

మందు దొరకినది గదా, డెబ్బది యేండ్లు దాటినను రోగమేల పోలేదు? 1955లో మన దేశమున జాతీయ ఫైలేరియా నియంత్రణపథకము ప్రారంభమైనది. ఊరిలోనివారందరికిని ఈ మందునిచ్చు ప్రయత్నమును అప్పుడే చేసిరి. మింగినవారిలో కొందరికి జ్వరము, తలనొప్పి, ఒళ్లునొప్పులు కలుగుటచే జనులు బెదరి దూరమైరి. ఆ ప్రయత్నమును విడిచి, దోమపిల్లలను చంపుటయందును, రక్తములో పురుగులు కనబడినవారికి మాత్రము మందిచ్చుటయందును దృష్టి నిలుపవలసివచ్చినది. 2004లో గాని ఏడాదికొకమారు అందరికి మందిచ్చు కార్యక్రమము దేశమంతట మరల ప్రారంభము కాలేదు. మధ్యలో గడచినది ఒక తరమునకు మించిన కాలము. ఆ కాలములో ఆరోగ్యవంతులని తలచినవారి రక్తమునుండియే దోమలు మేసినవి.

ఇక్కడ చిన్న లెక్క చెప్పెదను. డైఈథైల్‌కార్బమజీను పిల్లపురుగులను బాగుగా తొలగించును. పెద్దపురుగులను కొంతవరకే చంపును. అందుచే మిగిలిన తల్లి మరల కొన్ని నెలలకు పిల్లలను పెట్టనారంభించును. ఏడాదికొక మోతాదు చొప్పున ఇచ్చుచున్నచో రక్తములో పిల్లల సంఖ్య ఎప్పుడును హెచ్చనీయక అణచియుంచవచ్చును. తల్లిపురుగు ఆయుర్దాయము అయిదారేండ్లే గావున, ఆ కాలమెల్ల ఊరు ఊరంతయు మందు మింగినచో తల్లి ముసలిదై చచ్చును, దాని పిల్లలకు మరియొక ఇల్లు దొరకదు. పైగా ఈ పురుగు మలేరియా క్రిమివలె దోమలో వేయింతలుగా పెరుగదు. దోమ ఎన్ని పురుగుపిల్లలను పీల్చినదో అంతకుమించి బయటికి రావు; వానిలోను చాలవరకు మధ్యలోనే నశించును. మనిషిలో జంటపురుగులు స్థిరపడుటకు కొన్ని వందల, వేల కాట్లు కావలెను. ఈ బాంక్రాఫ్టి జాతికి మనిషి తప్ప చెప్పుకోదగిన వేరు ఆశ్రయము లేదు. ఇంత బలహీనమైన గొలుసును త్రెంచుట అసాధ్యము కాదు. అయితే జనాభాలో నూటికి కనీసము 65 మంది ప్రతియేడును మింగవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించినది. పంచిన మాత్రల లెక్క వేరు, మింగిన మాత్రల లెక్క వేరు. ప్రతియేడును ఆ మింగనివారు మింగనివారుగనే మిగిలిపోవుచున్నచో, ఊరిలో పురుగులకు వారే పుట్టిల్లు. కాగితముమీద కార్యక్రమము జయప్రదమైనట్లుండి, పదేండ్లకు మరల పిల్లల వ్రేళ్లపై పట్టీగీత తేలుటకు ముఖ్యకారణమిదియే.

ఇటీవలి సంవత్సరములలో వచ్చిన ముఖ్యమైన మార్పు మూడు మందుల కలయిక. పాతదైన డైఈథైల్‌కార్బమజీను ఒకటి. రెండవది ఆల్బెండజోలు, బడిపిల్లలకు నులిపురుగులకై ఇచ్చు మాత్ర ఇదియే. మూడవది ఐవర్మెక్టిను. జపానులో ఒక మట్టినుండి సతోషి ఒమురా వేరుచేసిన సూక్ష్మజీవి దీనికి మూలము. దానిని మందుగా మలచిన విలియం క్యాంప్‌బెల్‌తోపాటు ఆయనకు 2015లో నోబెల్ బహుమానము లభించినది. పాపువా న్యూగినీలో ఈ మూటిని కలిపి ఒక్కమారు ఇచ్చి చూచిరి. ఏడాది గడచిన పిమ్మట నూటికి 96 మంది రక్తములో పురుగుపిల్లలు లేవు. రెండు మందులనే ఒక్కమారు పుచ్చుకొన్నవారిలో అట్లు శుభ్రపడినవారు మూడవవంతు మాత్రమే. ఆ ఫలితములు 2018లో ప్రకటింపబడినవి. క్షేమమును గూర్చి ఐదు దేశములలో ఇరువదియారువేలకు పైబడిన జనులను పరిశీలించిరి. అందులో మన దేశపు వంతు కర్ణాటకములోని యాదగిరి జిల్లాలో జరిగినది. మన యాదగిరిగుట్ట కాదు, రాయచూరు ప్రక్కనున్నది. మూడు మందులు రెండింటికంటె ఎక్కువ ప్రమాదకరము కాదని తేలినది. 2018 డిసెంబరులో బీహారులోని అర్వల్ జిల్లాలో మొదలుపెట్టి ఈ పద్ధతిని అనేక జిల్లాలకు విస్తరించిరి. అయిదారేండ్ల దీక్ష రెండు మూడేండ్లకు తగ్గునని ఆశ. ఆఫ్రికాలో కొన్నిచోట్ల మాత్రము ఈ కలయిక పనికిరాదు. అచ్చట కంటిని చెరచు వేరొక జాతి ఫైలేరియా కలదు. ఆ పురుగున్నవానికి డైఈథైల్‌కార్బమజీను ఇచ్చినచో కన్నుపోవు ప్రమాదము. మన దేశమునకు ఆ భయము లేదు.

ఇక మింగిన తరువాత వచ్చు జ్వరమును గూర్చి దాచక చెప్పవలెను. దాచుటచేతనే మునుపు నష్టము కలిగినది. ఒంట పురుగులు లేనివానికి ఈ మందులవలన సాధారణముగా ఏమియు కాదు. పురుగులున్నవానికి అవి ఒక్కుమ్మడిగా చచ్చుటచే ఒకటి రెండు దినములు జ్వరము, తలనొప్పి, తలతిరుగుట, వాంతి కలుగవచ్చును. సామాన్యమైన జ్వరపుమాత్రతో తగ్గిపోవును. పొరుగింటివాడు మాత్ర మింగి మంచమెక్కెనని విని మనము మానివేయుట తలక్రిందుల తర్కము. అతనికి జ్వరము వచ్చుటయే ఆ వీధిలో పురుగులున్నవనుటకు గుర్తు. నా మట్టుకు నేను, మందిచ్చువారు ఈ మాటను ముందుగానే గడపలో నిలుచుండి చెప్పినచో సగము వ్యతిరేకత తగ్గునని తలంచుచున్నాను. మాత్రలను చేతిలో పోసి సంతకము పెట్టించుకొని పోవుట పని ముగించుట కాదు.

పెద్దపురుగును చంపు మార్గము కూడ ఒకటి బయటపడినది. ఈ పురుగు శరీరములో వోల్బేకియా అను సూక్ష్మజీవి నివసించును. అది లేక పురుగు పిల్లలను కనజాలదు, తుదకు బ్రతుకజాలదు. డాక్సీసైక్లీను అను సాధారణమైన యాంటీబయాటిక్ మందుతో ఆ సూక్ష్మజీవిని చంపినచో పురుగు మెల్లగా నశించునని టాంజానియాలో జరిపిన పరీక్షవలన 2005లో తెలియవచ్చినది. అయితే వారములకొలది దినదినము మింగవలెను. గర్భిణులకును చిన్నపిల్లలకును ఇవ్వరాదు. కావున ఊరందరికి పంచునది కాదు. వైద్యుని సలహాపై ఒక్కొక్క రోగికి ఇచ్చునది.

ఇదివరకే కాలు వాచినవారి మాట యేమి? మాత్రలు ఆ వాపును తీయలేవు. దీనిని దాచి ఆశ పెట్టుట అన్యాయము. కాని చేయవలసినది చాల కలదు. అటువంటి కాలికి మాటిమాటికి వచ్చు చలిజ్వరము పురుగుల పని కాదు, అమావాస్య పని అంతకంటె కాదు. వ్రేళ్లసందులలోని పగుళ్లద్వారా, చిన్న గాయములద్వారా ప్రవేశించు వేరే సూక్ష్మజీవుల పని. ఒక్కొక్క జ్వరముతో కాలు ఇంకొక మెట్టు లావెక్కును. దినదినము సబ్బుతో మెల్లగా కడిగి, వ్రేళ్లనడుమ తడిలేకుండ మెత్తని గుడ్డతో అద్ది, పగుళ్లకు మందు పూసి, కూర్చున్నప్పుడును పరుండినప్పుడును కాలు ఎత్తుగా ఉంచి, మడమను ఆడించు చిన్న వ్యాయామము చేయుచు, ఒరపిడి లేని చెప్పులు తొడిగినచో ఆ జ్వరములు చాలవరకు తగ్గును, వాపు ముదరకుండును. బక్కెటు, సబ్బు, తువ్వాలు. ఇంతకు మించిన సరంజామా అక్కరలేదు. వరిబీజమునకు శస్త్రచికిత్స కలదు. సిగ్గుచే దాచుకొని కుములవలసిన పనిలేదు.

దోమల విషయము క్లుప్తముగా చెప్పి విడిచెదను, మీరెరుగనిది కాదు. మురుగుకాలువను పారనిచ్చుట, సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టమునకు వల గట్టుట, దోమతెరలో పరుండుట ఇవి మందునకు తోడు. ఒక్క దోమలనే నమ్ముకొని మందు మానినచో చాలదు.

ఇది సాధ్యమేనా అనువారికి పొరుగుదేశములను చూపవచ్చును. చైనాలో ఉప్పులో ఈ మందును కలిపి జనులచే తినిపించిరి. 2007 నాటికి ఆ దేశము వ్యాధినుండి విముక్తమైనట్లు గుర్తింపబడినది. శ్రీలంకలో 2002 నుండి 2006 వరకు ఐదేండ్లు వరుసగా అందరికి మందిచ్చి, తరువాత పదేండ్లు పరీక్షించి చూచుకొని, 2016లో ఆ గుర్తింపు పొందిరి. బంగ్లాదేశము 2023లో పొందినది. ప్రపంచమునకు 2030ని గడువుగా పెట్టుకొనగా, మన ప్రభుత్వము 2027 అని ప్రకటించినది. విచిత్రమేమన, అనేక దేశములకు ఉచితముగా పోవు డైఈథైల్‌కార్బమజీను మాత్రలను జపాను ఔషధసంస్థ ఒకటి 2013 నుండి మన విశాఖపట్టణములోనే తయారుచేసి ప్రపంచ ఆరోగ్యసంస్థకు అందించుచున్నది. భీమవరమునుండి బయలుదేరిన బుద్ధి ప్రపంచము చుట్టి విశాఖ చేరినది.

మాత్రలిచ్చు దినము మీ ఊరికి వచ్చినప్పుడు కొన్ని సంగతులు జ్ఞప్తియందుంచుకొనవలెను. ఖాళీకడుపున మింగరాదు, ఇంత తిని మింగవలెను. రెండేండ్లలోపు పిల్లలకును, గర్భిణులకును, తీవ్రముగా జబ్బుపడినవారికిని ఇవ్వరు. మూడు మందులిచ్చుచోట ఐవర్మెక్టిను మాత్రను ఎత్తు కొలిచియే ఇత్తురు. ఐదేండ్లలోపువారికి అది కూడదు, ప్రసవించి వారము దాటని తల్లికిని కూడదు. ఆల్బెండజోలును నమలి మింగవలెను. వేరే మందులు వాడుచున్నవారు ఆ మాట ముందే చెప్పవలెను. ఆనాడు పొలములోనో, ప్రయాణములోనో ఉండి తప్పిపోయినవారికొరకు సిబ్బంది మరల వత్తురు. రానిచో ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయి అడిగి, అక్కడనే మంచినీళ్లతో మింగి రావచ్చును.